‘డ్రై స్పెల్’కు బెట్ట అని రాస్తే సున్నానా?

ఎర్రనేల:
మా పాప అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి. పర్యావరణం మీద నలభై ఇంగ్లిష్ మాటల పట్టీ ఇచ్చి, వారం తిరక్కుండానే పరీక్ష పెట్టినారు. అందులో ‘డ్రై స్పెల్’ ఒకటి. అది స్పెల్లింగ్‌కు సంబంధించిన మాటేమో అనుకుంది పాప. నేనూ అట్లే అనుకున్నా, దాచేదెందుకు. డిక్షనరీ చూస్తే వానల్లేని కొద్ది రోజులు అని ఉంది. ఆదివారం ఊరికి పోయినప్పుడు మా నాయన్ను అడిగినాం. ‘విత్తనం వేసినాక వాన మొహం చాటేస్తే దాన్ని బెట్ట అంటారు గదమ్మా, ఈ మాత్రం తెలీదా’ అన్నాడు. పాప పరీక్షలో అర్థం దగ్గర ‘బెట్ట’ అని రాసింది. సున్నా వచ్చింది. బోర్డు మీద రాసిచ్చిన ఇంగ్లిష్ వాక్యమే రావాలంట.

నేనడిగేది ఒకటే. బెట్ట అని రాస్తే మార్కు వేయాలా, వద్దా?

మిరపబజ్జీ:
వేయాలి. అయిపోయింది, ఇంక పదండి.

సుద్దముక్క:
నేను ఇంగ్లిష్ టీచర్‌ని. మీ పాప చదివే బడి కాదులెండి. బెట్ట మంచి మాటే, కాదనను. కానీ పర్యావరణం పాఠంలో తెలుగు మాటలతో వచ్చే చిక్కు మీకు తెలియదు. ‘వాతావరణ శాఖ’ అంటాం, అక్కడ వాతావరణం అంటే వెదర్. ‘వాతావరణ మార్పు’ అంటాం, అక్కడ క్లైమేట్. ‘వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది’ అంటాం, అక్కడ అట్మాస్ఫియర్. మూడింటికీ ఒకటే మాట! పాత పుస్తకాల్లో క్లైమేట్‌కు శీతోష్ణస్థితి అని ఉండేది, ఇప్పుడు పేపర్లలో అది పెద్దగా కనిపించదు. మొన్న చలికాలంలో చలి కొంచెం ఎక్కువైతే, ‘భూమి వేడెక్కుతోంది అన్నారు కదా టీచర్, మరి ఈ చలేంటి’ అని ఒక పిల్లవాడు అడిగాడు. వాడి తప్పేం లేదు. ఒక రోజు చలి వెదర్. క్లైమేట్ అంటే మామూలుగా 30 ఏళ్ల లెక్కలు తీసి చూసేది. రెండూ వాతావరణమే అని నేర్పితే వాడికి తేడా ఎట్లా తెలుస్తుంది?

ఎర్రనేల:
మేడమ్, నేను అడిగింది బెట్ట గురించి. మీరు వాతావరణం గురించి చెప్తున్నారు.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
అన్నా, నాదీ అనంతపురమే. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉన్నా. ఇంటర్వ్యూలో బెట్ట అంటే ఎవరికి అర్థమవుతుంది? పాపను ఆ నలభై మాటలూ బట్టీ పట్టమను. రేపు ఆమే థాంక్స్ చెప్తుంది.

హగరి గట్టు:
నాది కణేకల్లు పక్క పల్లె, రైతును. ఇంగ్లిష్ మాటలు రాకపోతే ఏమవుతుందో నా కథ వినండి. కొన్నేళ్ల కిందట శెనక్కాయకు ఇన్సూరెన్స్ కట్టినా. అది పంటను చూసి ఇచ్చేది కాదు, వాన లెక్క చూసి ఇచ్చేది. కాగితమంతా ఇంగ్లిషే. ఇన్ని రోజులు డ్రై స్పెల్ అయితే ఇంత డబ్బు అని పట్టిక ఉందంట, అది నాకు తర్వాత తెలిసింది. మా చేలో నెలకు పైగా చినుకు లేదు. ఊడలు దిగే టైమది, పూత నుంచి మట్టిలోకి దిగి కాయయ్యేదే ఊడ. భూమి గట్టిపడి ఊడ లోపలికి పోలేదు. చెట్టు పచ్చగానే ఉంది, పీకితే కాయ లేదు. డబ్బు రాలేదు. పోయి అడిగితే, మధ్యలో ఒకరోజు మూడు మిల్లీమీటర్లు పడింది, డ్రై స్పెల్ తెగిపోయింది అన్నారు. పడింది మా ఊర్లో కాదు, వాన కొలిచే మిషన్ ఉన్న చోట.

సుద్దముక్క:
ఇదే నేను చెప్పేది. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన పడిన రోజుగా లెక్కిస్తుంది. మీ మూడు మిల్లీమీటర్లు ఆ గీత దాటింది. ‘డ్రై స్పెల్’ అనే మాటకు కాగితం మీద లెక్క ఉంది. బెట్టకు లేదు.

ఎర్రనేల:
బెట్టకు లెక్క లేదా? పదునుకు, అంటే దున్నేందుకు సరిపోయే నేల తడికి, లెక్క లేదా? మా నాయన మడక (నాగలి) పట్టే ముందు వేళ్లతో మట్టి తవ్వి, పిడికిట్లో నొక్కి, పదునుందా లేదా చెప్తాడు. మూడు మిల్లీమీటర్లు పడితే ఎర్రనేల మీద దుమ్ము అణుగుతుంది, అంతే. పైరుకు బెట్ట తీరదు. ఏది సరైన లెక్క, చెప్పండి.

మిరపబజ్జీ:
పిడికిట్లో నొక్కి చూసిన లెక్కకు ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వరు అన్నా.

తోపుడుబండి:
మధ్యలో నాదొక డౌటు. గ్రీన్‌హౌస్ వాయువులను మా వాడి పుస్తకంలో ‘హరితగృహ వాయువులు’ అని రాసినారు. పచ్చగా ఉంది కాబట్టి చెట్లు వదిలే మంచి గాలి అని రాసుకొచ్చినాడు వాడు. ఇప్పుడు దీనికి ఇంగ్లిష్‌ను తిట్టాలా, తెలుగును తిట్టాలా?

సుద్దముక్క:
రెంటినీ వదిలేసి, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారెక్కించండి. వెలుగు లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. భూమి చుట్టూ ఆ అద్దం పని కొంతవరకు కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మళ్లీ ఎవరో వచ్చి కారు లెక్క వేరు, గాలి లెక్క వేరు అంటారు. నిజమే, వేరే. ఎనిమిదో తరగతికి ఇది చాలు.

ఎర్రనేల:
చూశారా మేడమ్! అర్థం కావాలంటే మీరూ కారెక్కించారు, ఇంగ్లిష్ వాక్యం ఇవ్వలేదు. నా మాటే నెగ్గింది.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
నెగ్గడం ఏముంది అన్నా? పొలం మీద బతికే రోజులు పోయినాయి. బెట్ట, పదును, మోడం... ఈ మాటలు పట్టుకుని కూర్చుంటే పాప కూడా అక్కడే ఉంటుంది. నీకు కావాల్సింది అదేనా?

ఎర్రనేల:
నోరు అదుపులో పెట్టుకో తమ్ముడూ. నేను ఊరు వదిలి పన్నెండేళ్లయింది, టౌన్‌లో అంగడిలో లెక్కలు రాసుకుంటున్నా. పాపను మడక పట్టమని ఎవరన్నారు? సున్నా వచ్చిన రోజు అది ఇంటికొచ్చి ఏమందో తెలుసా? ‘తాత చెప్పింది తప్పంట నాన్నా, తాతకు ఏమీ తెలీదు, ఇంక నువ్వు తాతను అడగొద్దు’ అంది. బోర్లు వేసి వేసి, నాలుగు ఎండిపోయి, అప్పుల్లో కూడా నన్ను చదివించిన మనిషి ఆయన. మార్కు ఎవడికి కావాలప్పా!

(చాలాసేపు ఎవరూ రాయలేదు.)

సుద్దముక్క:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను వాతావరణం మూడు అర్థాలు రాసేదాన్ని కాదు.

నాదీ ఒకటి చెప్తాను. కళ్యాణదుర్గం పక్క పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. రోహిణి నుంచి స్వాతి దాకా ఏ కార్తెలో ఏం వేస్తారో అడిగితే గడగడా చెప్పేదాన్ని. డిగ్రీ మొదటి వారం లెక్చరర్ లేపి ‘క్లైమేట్’ చదవమంటే ‘క్లిమేట్’ అన్నాను. క్లాసంతా నవ్వింది. మూడేళ్లు నన్ను అదే పేరుతో పిలిచారు. అందుకే నా పిల్లలకు ముందు పలకడం, రాయడం నేర్పిస్తాను. వాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు, అంతే. మీ పాప టీచర్ కూడా అట్లాంటి భయంతోనే ఉంటుందేమో.

ఎర్రనేల:
భయముంటే సున్నా వేయాలా?

సుద్దముక్క:
మళ్లీ అక్కడికే వచ్చారు.

హగరి గట్టు:
మీ ఇద్దరిదీ పరువు గొడవ. నాది డబ్బు గొడవ. ఒకటి ఒప్పుకుంటా. ఆ రోజు నాకు డ్రై స్పెల్ అంటే తెలిసినా ఆ మిషన్ మా ఊరికి నడిచొచ్చేది కాదు. వాన అక్కడ పడింది, ఇక్కడ పడలేదు. మాటలొస్తే డబ్బొస్తుందని నేను ముందు చెప్పింది తప్పే.

ఇంకొకటి. మా పక్క హగరి ఏటి ఇసుక గాలికి లేచి చేలల్లో మేట వేస్తుంది. ఆషాఢం గాలికి రాత్రికి రాత్రి గెనిమలు, అంటే చేల గట్లు కూడా కనపడవు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. దాన్ని ఇంగ్లిష్‌లో ‘డెజర్టిఫికేషన్’ అంటారంట, తెలుగులో ‘ఎడారీకరణ’ అంట. నాకు రెండూ ఒకటే, రెండూ చూడ్డానికొచ్చిన ఆఫీసర్ల మాటలే. మేము ఇసుక మేట అంటాం. కానీ ‘ఇసుక మేట’ అని అర్జీ రాస్తే వరదకు వేసిన మేట అనుకుని వేరే సెక్షన్‌కు పంపినారు ఒకసారి. గాలికి వేసింది అని వాళ్లకు తట్టలేదు.

మిరపబజ్జీ:
మీ ఊరి నుంచి ఆ ఆఫీసుకు ఒక బండి ఇసుక తోలి ఉండాల్సింది.

హగరి గట్టు:
మేడమ్, ఒక సాయం. వాన కొలిచే మిషన్ మా ఊర్లో కూడా పెట్టమని అర్జీ రాయాల. ఇంగ్లిష్‌లో రాయాల్నా?

సుద్దముక్క:
తెలుగులోనే రాయండి. విత్తింది ఏ రోజు, చినుకు ఆగింది ఏ రోజు, చెట్టు పీకి చూస్తే ఏముంది, అన్నీ మీ మాటల్లోనే ఉండనీయండి. బెట్ట అనే రాయండి, పక్కనే డ్రై స్పెల్ అని కూడా. ‘రిఫరెన్స్ వెదర్ స్టేషన్’, అంటే మీ ఊరి వానకు ఏ మిషన్ లెక్క చూస్తారో అది, ఆ మాట మాత్రం మార్చకండి. మీ కాగితంలో అదే మాట ఉండాలి, ఒకసారి చూసుకోండి. తెలుగు చేస్తే మళ్లీ వేరే సెక్షన్‌కు పోతుంది.

ఎర్రనేల:
అంటే బెట్ట అంటే డ్రై స్పెల్ అని మీరే రాయిస్తున్నారు. ఇప్పుడైనా చెప్పండి మేడమ్. మీరు దిద్దుతుంటే మా పాపకు ఎంత వేస్తారు?

సుద్దముక్క:
అర మార్కు.

ఎర్రనేల:
మిగతా అర?

సుద్దముక్క:
ఇంగ్లిష్ వాక్యం రాసినాక. తాతగారిని అడిగి రాసుకోమనండి, ఆయన తెలుగులో చెప్తారు, పాప ఇంగ్లిష్ చేస్తుంది.