మంగళవారం సంతను బైపాస్ పక్కకు మారుస్తారట, ఏం చేయాలి?

సంత కూతురు:
మాది గోదావరి పాయ పక్కన చిన్న పట్టణం. బస్టాండు నుంచి శివాలయం మలుపు వరకు ప్రతి మంగళవారం సంత జరుగుతుంది. అక్కడి వేపచెట్టు కింద మా అమ్మ 31 ఏళ్లుగా ఎండుచేపలు అమ్ముతోంది. అంతకుముందు ఆ చోటు అమ్మమ్మది. పోయిన వారం పురపాలక సిబ్బంది వచ్చి, బస్సులకు అడ్డమవుతోంది కాబట్టి వచ్చే నెల నుంచి సంత బైపాస్ పక్క ఖాళీ స్థలంలోనేనని నోటిమాటగా చెప్పి వెళ్లారు.

గిరాకీ తగ్గిన మాట నిజం. బట్టలవాళ్లు పదిహేను మంది ఉండేవారు, ఇప్పుడు నలుగురే. చీరలు, పిల్లల గౌన్లు ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారు. అమ్మ దగ్గర నెత్తళ్ళు, ఎండురొయ్యలు ఇంకా అమ్ముడవుతాయి. చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఇసుక ఉందో లేదో తేల్చుకోకుండా వాటిని ఎవరు కొంటారు? కానీ ఒక్క ఎండుచేపల కోసమే సంతకు వచ్చేవాళ్లు తక్కువ. గాజులకు వచ్చినావిడ రొయ్యలు కొంటుంది, రొయ్యల కోసం ఆగినావిడ పక్కన కొత్తిమీర కొంటుంది. బట్టలవాళ్లు తగ్గిన ఏడాదే అమ్మ గంపలో సాయంత్రానికి సరుకు మిగలడం మొదలైంది.

బైపాస్ బస్టాండుకు రెండు కిలోమీటర్లు. పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు పోను రాను ఆటోకు అరవై రూపాయలు పెట్టి వంద రూపాయల నెత్తళ్ళు కొనరు. అయితే ఇబ్బంది లేదని మాత్రం నేను అనలేను. పోయిన ఏడాది ఒక 108 వాహనం మా మలుపులో పావుగంట ఇరుక్కుపోయింది. లోపల ఎవరున్నారోనని ఆ రోజంతా మనసు కుదుటపడలేదు. సంతను కదల్చకుండా దారి వదిలించడం ఎలా? మీ ఊళ్లలో ఎవరైనా చేశారా?

వీధి వ్యాపారుల తరఫు న్యాయవాది:
నోటిమాటకు భయపడకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం తరలించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఊరికి విక్రయ కమిటీ, అంటే వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే సంఘం, ఉండాలి. అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే, వారిలో మూడో వంతు మహిళలు. ఇంకో ముఖ్యమైన మాట: యాభై ఏళ్లకు పైగా వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను (అమ్మేవారు, కొనేవారు ఆనవాయితీగా కలిసే చోట్లను) వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించరాదని ఆ చట్టమే చెబుతోంది. అమ్మమ్మ కాలం నాటి ఆశీలు (సంతలో అమ్ముకున్నందుకు కట్టే రుసుము) రసీదులు ఇంట్లో ఉన్నాయేమో వెతకండి.

పాత ఆశీలు గుమాస్తా:
అమ్మా, నేను తొమ్మిదేళ్లు సంతలో ఆశీలు వసూలు చేశాను. రోడ్డు ఎందుకు మూసుకుపోతుందో చెబుతాను. ఆశీలు వసూలు హక్కు వేలంలో ఎక్కువకు పాడిన గుత్తేదారు ఆ డబ్బు రాబట్టుకోవడానికి కొత్తవాళ్లను రోడ్డు మధ్య దాకా కూర్చోబెడతాడు. పాతవాళ్లు చెట్ల కిందే ఉంటారు. మేము ఒక ఏడాది సున్నంతో గీత గీసి, గీత దాటినవారి దగ్గర ఆశీలు తీసుకోలేదు, కూర్చోనివ్వలేదు. బస్సులు సాఫీగా వెళ్లాయి. మరుసటి ఏడాది వేలంపాట మారింది, గీత చెరిగింది. మీరు అడగవలసింది ఆ గీతను వేలం షరతుల్లో రాయమని.

బైపాస్ కాలనీవాసి:
మీకు నచ్చకపోవచ్చు గానీ, మా వైపు ఆరువందల ఇళ్లున్నాయి, దగ్గరలో ఒక్క కూరగాయల దుకాణం లేదు. మంగళవారం ఉద్యోగం వదిలి బస్టాండుకు రాలేము. సంత ఇటు వస్తే మాకు మేలే.

సంత కూతురు:
కాలనీవాసి గారూ, నచ్చకపోవడం ఏమీ లేదు. మీ మాట అమ్మకు చదివి వినిపించాను. "మంగళవారం ఇక్కడే ఉంటాను, శనివారం సాయంత్రం వాళ్ల దగ్గరకు గంప దించుతాను, దీపాలు వేయిస్తారా అని అడుగు" అంది. గాజులావిడ, కొత్తిమీర అమ్మే అన్న కూడా వస్తామన్నారు.

ట్రంకుపెట్టె తీశాము. 1968 నాటి రసీదు దొరికింది, అమ్మమ్మ పేరుతో, పావలా ఆశీలుకు. గురువారం దాని నకలు, గీత గురించిన అర్జీ రెండూ పట్టుకుని పురపాలక కార్యాలయానికి వెళ్తున్నాము. గుమాస్తా బాబాయి గారూ, ఆ గీత ఎన్ని అడుగుల దగ్గర గీశారో రాస్తారా? అర్జీలో ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంచాను.