తడి రివెటింగ్: విశాఖ గాలికి ప్రతి రివెట్‌కూ సీలెంట్ కావాలా?

గాజువాక_ఫిట్టర్:
0.032 అంగుళాల 2024-టీ3 అల్యూమినియం షీట్లు రెండు, మధ్య ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే తొలి పూత), ఎంఎస్20470ఏడీ4-4 రివెట్లు (1/8 అంగుళం వ్యాసం అల్యూమినియం రివెట్లు). డ్రాయింగ్‌లో సీలెంట్ (తేమ దూరకుండా పూసే ముద్ద) మాటే లేదు. సముద్రం పక్కన తిరిగే విమానానికి ప్రతి రివెట్‌నూ తడి సీలెంట్ రాసే కొట్టాలంటాను. ప్రైమర్ ఆరాక 30 నంబర్ బిట్‌తో ఫైనల్ డ్రిల్ చేస్తే రంధ్రం గోడకు పూతే ఉండదు. ఉప్పు తేమ పట్టేది అక్కడే.

కంచరపాలెం_షీట్‌మెటల్:
పూత లేదన్నది నిజమే గురూ. కానీ ఏడీ రివెట్ కొట్టగానే ఉబ్బి రంధ్రాన్ని నింపేస్తుంది. రెండూ అల్యూమినియమే, గాల్వానిక్ తేడా (రెండు లోహాలు తాకినచోట తుప్పు రేపేది) స్వల్పం. తేమ ఎక్కువగా దూరేది షీట్ల సందులోకి. పూయాలంటే అక్కడ పలచగా పూయండి. స్టీల్, టైటానియం ఫాస్టెనర్లు వేరే సంగతి, అవి తడిగానే దిగాలి. హై-లాక్ (కాలర్ అనే నట్టుతో బిగించే పిన్) అయితే షాంక్‌కీ (పిన్ ఒంటికి), తల కిందా రాయాలి. థ్రెడ్ల మీద పడితే కాలర్ బిగింపు మారిపోతుంది.

ఇంకోటి, సీలెంట్ ఎక్కువైతే బకింగ్ బార్ (రివెట్ తోకకు ఆనించే ఇనుప దిమ్మె) జారి షాప్ హెడ్ (కొట్టాక తోక వైపు ఏర్పడే తల) పక్కకి వాలుతుంది. వ్యాసం 0.1875, ఎత్తు 0.0625 అంగుళాలు రావాల్సిన చోట గేజ్ ఒప్పుకోదు. ఆ రివెట్‌ను డ్రిల్ చేసి తీసేటప్పుడు రంధ్రం పెద్దదైతే తర్వాతి సైజుకి పోవాలి, అప్పుడు షీట్ అంచుకు దూరం చాలకపోవచ్చు.

సీతమ్మధార_క్యూసీ:
మే నెల ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? బీ-2 రకం సీలెంట్‌కి కలిపాక పూసేందుకు రెండు గంటల గడువు 25 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమలో. సుమారు ఐదున్నర డిగ్రీలు పెరిగితే గడువు సగమవుతుంది. 36 దగ్గర అరగంటే, మన ఉక్కకి ఇంకా తక్కువ. మీగడ కట్టిన సీలెంట్ మీద కొడితే షీట్లు దగ్గరికి రావు, తల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరుతుంది. చిన్న కిట్లే కలపండి, క్లెకోలకి (షీట్లను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులు) అంటింది గట్టిపడకముందే సాల్వెంట్‌తో తుడవండి. తల చుట్టూ సీలెంట్ సన్నని వలయంగా తెగకుండా రావాలి.

గాజువాక_ఫిట్టర్:
సందుకి సీలెంట్, ఒప్పుకున్నా. రంధ్రం గోడ? బర్ (రంధ్రం అంచున లేచిన పొర) తీయడానికి ఎలాగూ షీట్లు విడదీస్తాం, అప్పుడే కన్వర్షన్ కోటింగ్ (అల్యూమినియం మీద వేసే రసాయన పూత) టచప్ చేసి ప్రైమర్ కొడితే?

కంచరపాలెం_షీట్‌మెటల్:
టచప్ వరకూ సరే. ప్రైమర్ మందమైతే రివెట్ దిగదు, రంధ్రానికీ రివెట్‌కీ మధ్య ఖాళీ 0.0035 అంగుళాలే.

సీతమ్మధార_క్యూసీ:
ఇద్దరూ ఆగండి. డ్రాయింగ్‌లో లేని సీలెంట్ కలపడమూ డీవియేషనే. ముందు ఇంజనీరింగ్‌కి క్వెరీ రాయండి, జవాబు వచ్చేదాకా ఆ జాయింట్ క్లెకోల మీదే ఉంచండి.