రాత్రి ఎనిమిదైతే వైఫై నత్తనడక, ఏం చేయాలి?

విజయనగరం కంటోన్మెంట్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. 100 ఎంబీపీఎస్ ప్లాన్. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదైతే పడగ్గదిలో 3 కూడా రాదు. రౌటర్‌కి కేబుల్ పెట్టి చూస్తే అప్పుడూ 94 వస్తోంది, కాబట్టి తప్పు లైన్‌ది కాదు. ఫోన్‌లో చుట్టుపక్కల వైఫైలను చూపించే ఎనలైజర్ యాప్ పెడితే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో 23 నెట్‌వర్కులు, సగానికి పైగా ఛానెల్ 6 (ఆ బ్యాండ్‌లో ఒక భాగం) మీదే. మాదీ అందులోనే! 11కి మార్చాను, రెండు రోజులు బాగుంది, మళ్ళీ మామూలే. 5 గిగాహెర్ట్జ్ హాల్లో పరుగెడుతుంది గానీ రెండు గోడలు దాటేసరికి చచ్చిపోతోంది. రౌటరేమో షోకేసులో టీవీ వెనక ఇరుక్కుని ఉంది, మా ఆవిడ కదపనివ్వదు. మెష్ (ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే రెండు మూడు పరికరాల సెట్) కొనాలా, పడగ్గదికి లాన్ కేబుల్ లాగి రెండో రౌటర్ పెడితే సరిపోతుందా? 2.4లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించి చూసినవాళ్లెవరైనా ఉన్నారా?