షికాగో చలిలో మియాటా కారు ఇప్పుడే అమ్మాలా, ఏప్రిల్ దాకా ఆగాలా?

బండి 2019 మాజ్డా ఎంఎక్స్-5 మియాటా, క్లబ్ అనే వేరియంట్. ఆరు గేర్ల మాన్యువల్, 38,000 మైళ్లు, టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్, యాక్సిడెంట్ లేదు. ఇంజను 181 హార్స్‌పవర్‌కు పెరిగింది ఆ ఏడాది మోడల్‌తోనే, అందుకే ఏరి కొన్నాను.

అక్టోబరు మొదట్లో 23,500 డాలర్లకు పెట్టాను. ఇద్దరొచ్చి నడిపి చూశారు, బేరం కుదరలేదు. నవంబరులో 22,000కి దించాను, ఫొటోలు మళ్లీ తీశాను, సర్వీసు రసీదులన్నీ జత చేశాను. మంచు పడటం మొదలయ్యాక ఒక్క ఫోనూ లేదు. టాపు తీసి తిరిగే రెండు సీట్ల బండి కదా, ఈ చలిలో ఎవరికీ గుర్తురాదేమో.

డీలరు 18,500 ఇస్తానంటున్నాడు. ఆ రేటుకి మనసొప్పట్లేదు. ఉంచుకుంటే ఇన్సూరెన్సు, గరాజు అద్దె కలిపి నెలకు 210 డాలర్లు.

ఇక్కడి చలి ప్రాంతాల్లో ఇలాంటి బండి అమ్మినవాళ్లు చెప్పండి: ఏప్రిల్ దాకా ఆగితే ఆ ఖర్చు పోను 18,500 కంటే ఎక్కువ మిగులుతుందా?