లాన్ తీసేసి ఏం చెట్లు పెట్టమంటరు? (నల్గొండ)

ప్రశ్న:
అన్నలు, అక్కలు, మా ఇంటి ముందర పడమర దిక్కు 20 అడుగుల పొడుగు 15 అడుగుల వెడల్పు లాన్ ఉన్నది. ఇల్లు కట్టినప్పుడు ముచ్చటపడి వేసినం గానీ ఎండకాలం రెండు పూటలు తడపాలె, ఏప్రిల్ వచ్చేసరికి బోరు సన్నగైతది, ఇంట్ల వాడకానికే తిప్పలైతుంటే గడ్డికి పోసుడు మనసొప్పుతలేదు. చెట్లు పెడదామనుకుంటున్న. అమ్మకు పూజకు పూలు, నాకు సాయంత్రం నీడ కావాలె, మూడేండ్ల పాప కూడా ఉన్నది. ఎర్ర చెల్క నేల, రెండడుగులు తవ్వితే మొరం. నర్సరీల కోనోకార్పస్ తీస్కపొమ్మంటున్నరు, జల్ది పెరుగుతదంట.

జవాబు 1:
కోనోకార్పస్ అసలే వద్దు తమ్మీ, వేర్లు నీళ్ల పైపులల్ల, డ్రైనేజీల దూరుతయి. వేప, కానుగ మంచియే గానీ ఆ జాగకు పెద్దగైతయి. పొగడ పెట్టు, ఒక్కటే, గోడకు దూరంగ. నిదానంగ పెరుగుతది నిజమే, కానీ ఏడాదంత ఆకు ఉంటది, పూలు రాలినంక కూడా వాసన పోదు.

జవాబు 2:
మాది పాలమూరు. సీతాఫలం ఒకటి పెట్టుకోండ్రి, బాలానగర్ రకం మా దిక్కుదే, మొరంల గూడా బతుకుతది. నీడ కోసమైతే కాదు, ఎండలు ముదిరేటప్పటికి ఆకు రాల్చేస్తది. గింజలు విషం, పాప కొరకకుండ చూసుకోండ్రి. కాంపౌండ్ పక్కన తంగేడు రెండు మొక్కలు పెడితే బతుకమ్మకు పూలు ఇంట్లనే, వేరు పట్టినంక నీళ్లు అడగదు.

జవాబు 3:
పూజకు నందివర్ధనం, పారిజాతం, ముద్ద మందారం. గన్నేరు మాత్రం పిల్లలున్న ఇంట్ల పెట్టకండ్రి, ఆకు కాన్నుంచి వేరు దాక విషమే. నిమ్మ కూడా పెట్టుకోవచ్చు, నకిరేకల్ దిక్కు తోటలే ఉన్నయి గద, కాకపోతే బోరు నీళ్లు ఉప్పగుంటే ఆకు కొసలు మాడుతయి. ఇంకోటి, ఆర్వో మిషన్ల నుంచి బయటికొచ్చే నీళ్లు వేస్టయితున్నయని మొక్కలకు పొయ్యకండ్రి. మన బోర్లల్ల ఉండే ఉప్పు, ఫ్లోరైడు దాంట్లనే ఎక్కువైతయి, అవి గచ్చు కడుగుటానికి వాడుకోండ్రి.

జవాబు 1 ఇచ్చినాయనే మల్ల:
గుంతలు మే నెలల్నే తవ్వి ఎండకు వదిలెయ్, రెండడుగుల లోతు, మొరం తగిలితే గడ్డపారతోని ఇంకింత పొడువు. పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపి నింపు. మిరుగు (మృగశిర కార్తె) దాటి రెండు వానలు పడ్డంక నాటు. గరిక ఉంటే వేర్లతోని పీకాలె, ముక్క మిగిలినా మల్ల లేస్తది.

ప్రశ్న అడిగినోళ్లు:
మంచిది అన్నా. నడుమ పొగడ, గోడ పొంటి తంగేడు, పారిజాతం, నందివర్ధనం అనుకున్నం. నిమ్మ ఆపేసిన, మా బోరు నీళ్లు ఉప్పే. సీతాఫలం పాప పెద్దగైనంక పెడతం.