సమస్య: చూపకున్న దానిఁ జూచి రెల్ల

కవిమిత్రులకు నమస్కారం. ఇచ్చిన ఒక్క పాదానికి పైన మూడు పాదాలు కట్టి పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణం. ఈసారి పూరించవలసిన పాదం ఇది:

“చూపకున్న దానిఁ జూచి రెల్ల”

ఆటవెలదిలో నాలుగో పాదం. తక్కువ ఖర్చుతో అడవిలో తీసిన, వైజ్ఞానిక కల్పన, రహస్యం కలిసిన సినిమాలే విషయం. ముగ్గురో నలుగురో నటులు, ఒక గుడారం, దారి తప్పించే దిక్సూచి, చెట్ల నడుమ అర్థంకాని వెలుగు. అలాంటి చిత్రం చూసి వచ్చిన ప్రేక్షకుడి గొంతుతో రాయండి. మెచ్చుకోలైనా సరే, ఆక్షేపణైనా సరే. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరవలసినది, నాలుగో గణం మొదటి అక్షరం. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది.

మొదటి పూరణ

కొమ్మ విరుగు సడియె గుండెలోఁ బిడుగయ్యె
కెమెర కదల లేదు గీటుఁ దాటి
చెట్ల నీడ వెనుక చీకటే పాత్రయై
చూపకున్న దానిఁ జూచి రెల్ల

అమ్మా, చక్కని ఎత్తుగడ. కొమ్మ విరగడం చిన్న సడి, అది గుండెలో పిడుగయింది. ఆ చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఉన్న దూరమే ఈ చిత్రాల పెట్టుబడి. చట్రం లోపల ఏమీ జరగదు, చట్రం బయట చప్పుడవుతుంది, మిగిలిన పని మన చెవులు చేసుకుంటాయి. 1999లో వచ్చిన ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ భయానక చిత్రమే తప్ప వైజ్ఞానికం కాదు. అయినా మన పాదానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తట్టడం లేదు. 1997 అక్టోబరులో ఎనిమిది రోజులపాటు అడవిలో నటులే కెమెరాలు పట్టుకుని తీశారు. మంత్రగత్తె చిత్రం మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించదు.

రెండవ పూరణ

కథకు ముడియె కలదు గాని విప్పుట లేదు
అర్థ మేమొ యనుచు నడుగఁ బోఁగ
లోతు గలదటంచు లోకులే వాదింత్రు
చూపకున్న దానిఁ జూచి రెల్ల

అయ్యా, మీ కోపం న్యాయమైనదే. ‘చూపకున్న దాని’ని మెచ్చుకోలుగా కాక నేరారోపణగా వాడుకోవడం ఈ పూరణకు ప్రాణం. గణయతులు నిర్దుష్టం.

అయితే ఒక మాట. ముడి విప్పకపోవడం వేరు, విప్పే దారి దర్శకుడికే తెలియకపోవడం వేరు. 2004లో వచ్చిన ‘ప్రైమర్’కు అయిన ఖర్చు సుమారు 7,000 డాలర్లు. అది అడవి కథ కాదు, కాలప్రయాణపు కథ. ప్రేక్షకుడికి అది దాదాపు ఏదీ విప్పి చెప్పదు. అయినా జనం కాగితం మీద గీతలు గీసుకుని, ఏ మనిషి ఏ గంటలో ఎక్కడున్నాడో లెక్క వేసుకున్నారు. లెక్క ఉంది కాబట్టే వేయగలిగారు. అడవి చిత్రాల్లో చాలావాటికి ఆ లెక్క ఉండదు. పొగమంచు లెక్కను దాచిందని మనం అనుకుంటాం, తీరా మంచు విడిపోతే అక్కడ ఏమీ ఉండదు. నన్ను బాధపెట్టేది తక్కువ డబ్బు కాదు, ఆ ఖాళీ. మీ పద్యం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిందని నా అభ్యంతరం.

దానికి ఆ కవిమిత్రుని జవాబు: “ఒప్పుకుంటాను. కానీ బయటికి వచ్చే ప్రేక్షకుడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను రాసింది అతని గొంతుతోనే.”

మీరన్నదే సబబు. అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

మూడవ పూరణ

మాను గీత లన్ని మౌనమై లెక్కింప
నూరు ఉండు చోట వలయ మొకటె
కాల మెవరొ దొంగగా దోచి రని తోచె
చూపకున్న దానిఁ జూచి రెల్ల

తమ్ముడూ, వచ్చిన వాటిలో భావం పరంగా నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. దోషం రెండో పాదంలో ఉంది. ‘నూ’కు ‘వ’తో యతి కుదరదు. పైగా ‘నూరు ఉండు’ అని పద్యం నడుమ అచ్చు విడిగా నిలిచింది. “వంద యుండు చోట వలయ మొకటె” అంటే రెండూ ఒక్క దెబ్బతో తీరిపోతాయి.

గ్రహాంతర నౌకను కట్టడానికి డబ్బు కావాలి. నరికిన మొద్దును దగ్గరగా చూపడానికి ఏం కావాలి? ఒక దీపం, ఒక వేలు. ఆ వేలు ఏడాదికొకటిగా పడే వలయాల మీద కదులుతూ కదులుతూ ఆగిపోతే చాలు, కాలం ఎక్కడో తెగిందని హాలంతటికీ తెలిసిపోతుంది. నిజమైన శాస్త్రంలో కూడా చెట్లు ఇలాంటి రహస్యాన్ని దాచాయి. జపాన్ శాస్త్రవేత్త ఫుసా మియాకే బృందం జపాన్ దేవదారు వలయాలను పరీక్షించి, క్రీస్తుశకం 774-775లో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) ఒక్కసారిగా పెరిగిందని 2012లో ప్రకటించింది. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనమే దానికి కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఆ సాక్ష్యం మానుల్లో మౌనంగానే ఉంది. ‘మౌనమై’ అన్న మాట ఊరికే పడలేదనిపించింది.

మరొక సభ్యురాలి ఆక్షేపణ: “ఏడాదికో వలయం స్పష్టంగా పడేది చలికాలమో ఎండాకాలమో చెట్టు పెరుగుదలను ఆపే చోటనే కదా? ఏడాది పొడవునా వానలు పడే అడవుల్లో చాలా చెట్లకు వలయాలు తేలికగా కనిపించవు.”

నిజమేనమ్మా. కాబట్టి ఈ పద్యంలోని అడవి చలిదేశపుదని అనుకుందాం. మరొకటి, వలయాలు లెక్కించడానికి చెట్టును నరకనక్కరలేదు. సన్నని గొట్టపు బరమాతో పెన్సిలంత కడ్డీ తీసి చూస్తారు.

నాలుగవ పూరణ

బొమ్మ చూడఁ బోయి బోరు కొట్టి నిదుర
పోయి నాము మేము పూర్తి కాక
కనులు తెరచు సరికి కథ యంత యైపోయె
చూపకున్న దానిఁ జూచి రెల్ల

గణాలు, యతులు సరిపోయాయి. మొదటి ప్రయత్నమన్నారు, అభినందనలు. అన్వయమే కుదరలేదు. నిద్రపోయింది ‘మేము’ అయితే ‘చూచి రెల్ల’ అన్నది ఎవరు? పై మూడు పాదాలూ తీసేసినా నాలుగోది అలాగే నిలబడితే అది పూరణ కాదు. నిద్రనే ఆధారం చేసుకుని చూడండి:

బొమ్మ చూడఁ బోయి బోరు కొట్టి నిదుర
పోయి నారు జనులు పూర్తి కాక
కలల లోన వారె కథ నల్లుకొనినారు
చూపకున్న దానిఁ జూచి రెల్ల

ఐదవ పూరణ

దివిటి యొకటె వెలుఁగు దిక్కుగా నడిరేయి
పైక మంత లేక పనితనమున
నటుల కనుల బెదురె నక్షత్ర నౌకయై
చూపకున్న దానిఁ జూచి రెల్ల

మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. సవరణలేమీ లేవు.

నా పూరణ

చివరి మాట ముందె చెప్పిన నేమాయె
దారి నడుగడుగునఁ దడిమికొనుచు
అడవి లోన నడచి నట్టులే కథ సాగ
చూపకున్న దానిఁ జూచి రెల్ల

ఐదవ పూరణ పంపిన కవయిత్రి అడిగారు: “అయ్యా, ఇందులో అడవి ఉపమానమా, కథ జరిగే చోటా? ‘నడచినట్టులే’ అనడంతో అడవి చిత్రం నుంచి బయటికి వెళ్లిపోయింది.”

అవునమ్మా, వెళ్లిపోయింది. చివరి పాదం చేతిలో పెట్టుకుని వెనక్కి రాసే మన పనిని కూడా అందులో ఇరికించబోయి, అసలు అడవిని పోగొట్టుకున్నాను. మూడో పాదాన్ని మళ్లీ రాసి రేపు పెడతాను.