లోరా మాడ్యూల్ రేంజ్ రావట్లేదు: పవర్ పెంచాలా, యాంటెన్నా మార్చాలా?

మెట్టపొలం: బోరు మోటారు ఇంటి నుంచే వేసుకుందామని ఎస్‌ఎక్స్1276 లోరా మాడ్యూళ్లు (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియోలు) పెట్టా, 866 మెగాహెర్ట్జ్. దూరం కిలోమీటరున్నర, మధ్యలో మామిడితోట. యాంటెన్నా రెండువైపులా మాడ్యూల్‌తో వచ్చిన స్ప్రింగే. బోరు దగ్గరది స్టార్టర్ డబ్బాలోనే ఉంది. తోట దాటితే సిగ్నల్ సున్నా. ఏం చెయ్యాలి? సోలార్ ప్యానెల్ ఎంతది సరిపోతుంది?

రాగితీగ: ఇనప డబ్బాలోంచి బయటికి తియ్యండి, మిగతావన్నీ తర్వాత. ఆ స్ప్రింగు పీకేసి 8.6 సెంటీమీటర్ల తీగ నిటారుగా పెట్టండి. ఎస్‌ఎంఏ సాకెట్ (యాంటెన్నా మర బిగించేది) నాలుగు మూలలకీ నాలుగు తీగలు సోల్డర్ చేసి 45 డిగ్రీలు కిందికి వంచండి. ఆ నాలుగూ లేకపోతే పై తీగ సగం యాంటెన్నానే. మా చెరువుగట్టు దాకా దీంతోనే లాగాను.

వీఎన్‌ఏ_వీరుడు: 8.6 కాగితం మీది లెక్క. తీగ మందాన్ని బట్టి 8.2 దగ్గర కుదురుతుంది. నానోవీఎన్‌ఏ (యాంటెన్నా కొలిచే మీటరు) పెట్టి ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె) 1.2కి దించాలి. మీటరు లేకుండా యాంటెన్నా చెయ్యకూడదు.

రాగితీగ: ఎస్‌డబ్ల్యూఆర్ 2 ఉన్నా వెనక్కొచ్చేది 11 శాతం, అంటే నష్టం అర డెసిబెల్ (సిగ్నల్ బలం కొలత). ఖాళీ మైదానంలో దూరం రెట్టింపవ్వాలంటే 6 డెసిబెల్ కావాలి. దానికోసం రైతు చేత మీటరు కొనిపిస్తారా?

వీఎన్‌ఏ_వీరుడు: కొలవనివాళ్లందరూ అనే మాటే ఇది. నాకు హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సుంది, ఈ పని కొత్త కాదు.

రాగితీగ: లైసెన్సున్నవాళ్లకి తెలియాలిగా, డమ్మీ లోడు (పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్) కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 చూపిస్తుంది! గాల్లోకి ఏం పంపుతుందది?

డాబామీద: మీ గొడవ ఆపండి. నేను 8 డీబీఐ గెయిన్ (సిగ్నల్‌ని ఒక దిక్కుకి కూడగట్టడం) ఉన్న ఫైబర్‌గ్లాస్ కర్ర యాంటెన్నా కొన్నా. దూరంలో ఉన్నవి బ్రహ్మాండంగా వచ్చాయి, దాని కిందే ఉన్న సంపు సెన్సర్ సిగ్నల్ పోయింది. గెయిన్ పెరిగేకొద్దీ సిగ్నల్ పళ్లెంలా పరుచుకుంటుంది, కిందికి దిగదు. అమ్మేవాడు చెప్పడు.

కెమెరా_తిప్పలు: ఈఎస్‌పీ32 క్యామ్‌కి (వైఫై కెమెరా బోర్డు) బయటి యాంటెన్నా తగిలించినా తేడా లేదు. ఎవరికైనా?

పిన్నులేదు: కేబుల్ ఏది వాడుతున్నారో ఎవరూ అడగరే? ఆర్‌జీ174 (సన్న కేబుల్) ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి డెసిబెల్ తినేస్తుంది. వైఫై యాంటెన్నా తగిలిస్తే ఇంకా ఘోరం. దానికుండే ఆర్‌పీ ఎస్‌ఎంఏ (పిన్ను తిరగేసిన ఎస్‌ఎంఏ) మర బిగుస్తుంది, లోపల పిన్ను తగలదు.

వీఎన్‌ఏ_వీరుడు: @కెమెరా_తిప్పలు సాకెట్ పక్కన సున్నా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. అది బోర్డు యాంటెన్నా వైపే ఉంది, మార్చి సోల్డర్ చెయ్యండి. మెట్టపొలం గారూ, ఎత్తు పెంచండి. మీ దూరానికి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్‌కి అడ్డులేకుండా ఉండాల్సిన చోటు) వ్యాసార్థం 11 మీటర్లు. తోట మొత్తం దాన్లోనే ఉంది.

రాగితీగ: ఎత్తు మాట మాత్రం నిజం.

మెట్టపొలం: పీవీసీ పైపు మీద బయటికి తీశా, ప్యాకెట్లు అందుతున్నాయి. మోటారు ఆన్ అవగానే బోర్డు రీసెట్ అవుతోంది.

పిన్నులేదు: అది యాంటెన్నా వల్ల కాదు, కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకి కరెంటిచ్చే స్విచ్) కాయిల్ కొట్టే వోల్టేజ్ కుదుపు వల్ల. ఆ కాయిల్ మీద ఆర్‌సీ స్నబ్బర్ (కుదుపును మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత) వెయ్యండి.